జ్వరం నుంచి అంకె దాకా: వరంగల్‌లో డెంగీ మోడలింగ్, నా అనుభవం

రోనాల్డ్ రాస్ పేరు మన దగ్గర బడి పిల్లలకు కూడా తెలుసు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసిన డాక్టర్. 1902లో నోబెల్ వచ్చింది. ఆ తర్వాత ఆయన చేసిన పని మాత్రం మన పాఠాల్లోకి రాలేదు. దోమలన్నిటినీ చంపడం ఎవరి తరమూ కాదు, మరి మలేరియాను ఆపేదెలా అనే ప్రశ్నతో రాస్ సమీకరణాలు రాయడం మొదలుపెట్టాడు. దోమల సంఖ్య ఒక హద్దు కిందికి దిగితే చాలు, ఒక్కటి కూడా మిగలకుండా చేయాల్సిన పని లేదు, జబ్బు దానంతట అదే తగ్గిపోతుందని లెక్కగట్టి చూపించాడు. అప్పట్లో చాలామంది నమ్మలేదు. అంటువ్యాధుల గణితానికి పునాది రాళ్లలో అదొకటని ఇప్పుడు అందరూ ఒప్పుకుంటారు.

హనుమకొండలో ఎమ్మెస్సీ మ్యాథ్స్ చదివేటప్పుడు డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ అంటే నాకు ప్రాణం. అవి ఎక్కడ పనికొస్తాయని ఎవరైనా అడిగితే స్ప్రింగులు, లోలకాలు, వేడి పదార్థం చల్లారడం, ఇవే చెప్పేదాన్ని. రాస్ సంగతి చదివాక ఆలోచన మారింది. ఏటా వానాకాలంలో మా బంధువుల్లో ఎవరో ఒకరు ‘ప్లేట్‌లెట్లు పడిపోయాయి’ అని ఆసుపత్రిలో చేరడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. ఆ ప్లేట్‌లెట్ల వెనక కూడా నాకు తెలిసిన సమీకరణాలే ఉన్నాయని అర్థమైన రోజు నిద్ర పట్టలేదు. పీహెచ్‌డీలో డెంగీ మోడలింగ్, అంటే జబ్బు ఎలా పాకుతుందో సమీకరణాలతో లెక్కగట్టడం, చేస్తానని గైడ్ సార్‌తో చెప్పాను. ఆయన ఒక్కటే అడిగారు. “సమీకరణాలు నేను నేర్పిస్తానమ్మా. కేసుల లెక్కలు ఎక్కడి నుంచి తెస్తావు?” ఆ ప్రశ్న ఎంత పెద్దదో ఆ తర్వాతి సంవత్సరాల్లో తెలిసింది.

ముందు సమీకరణాల సంగతి చెప్తాను, అది త్వరగా అయిపోతుంది. 1927లో కెర్మాక్, మెకెండ్రిక్ అనే ఇద్దరు రాసిన పరిశోధన పత్రం ఈ రంగంలో అందరూ మొదట చదివేది. కెర్మాక్ ప్రయోగశాల ప్రమాదంలో చూపు కోల్పోయిన రసాయన శాస్త్రవేత్త. మెకెండ్రిక్ మన దేశంలో చాలా ఏళ్లు పనిచేసిన డాక్టర్, కసౌలీలోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌కు డైరెక్టర్‌గా ఉన్నాడు. వాళ్లు తమ లెక్కను సరిచూసుకున్నది 1905–06లో బొంబాయిలో వచ్చిన ప్లేగు మరణాలతో. ఊళ్లోని జనాన్ని మూడు గుంపులుగా విడదీస్తారు: జబ్బు వచ్చే అవకాశం ఉన్నవాళ్లు, ఇప్పుడు జబ్బుతో ఉండి అంటించగలిగేవాళ్లు, కోలుకున్నవాళ్లు లేదా చనిపోయినవాళ్లు. ఒక గుంపు నుంచి ఇంకో గుంపులోకి రోజుకు ఎంతమంది పోతారో చెప్పేవే ఆ సమీకరణాలు. ఆ గుంపుల ఇంగ్లిష్ పేర్ల మొదటి అక్షరాలతో దీన్ని ఎస్‌ఐఆర్ మోడల్ అంటారు.

ఇందులో నన్ను కట్టిపడేసిన విషయం ఒకటుంది. అందరికీ అంటుకున్నాకే జబ్బు ఆగుతుందని మనం అనుకుంటాం. లెక్క అలా చెప్పదు. ఒక రోగి మొదట్లో సగటున ఇద్దరికి అంటిస్తాడనుకుందాం. ఊళ్లో సగం మందికి రోగనిరోధక శక్తి వచ్చేసరికి, అతను కలిసే ఇద్దరిలో ఒకరికి మాత్రమే అంటుతుంది. అక్కడి నుంచి కేసులు దిగడం మొదలవుతుంది. సగటున నలుగురికి అంటించే జబ్బయితే ఆ మలుపు రావడానికి ముప్పావు వంతు మందికి రక్షణ కావాలి. తట్టు సంగతి చూడండి, రక్షణ లేని జనంలో ఒకరి నుంచి 12 నుంచి 18 మందికి అంటుతుందని అంచనా. టీకా 90 శాతానికి పైగా పిల్లలకు పడాలని డాక్టర్లు ఎందుకు పట్టుబడతారో ఈ ఒక్క లెక్కతో తెలిసిపోతుంది.

డెంగీకి ఇది సరిపోదు. మనిషి నుంచి మనిషికి నేరుగా రాదు, మధ్యలో దోమ ఉంది. కాబట్టి దోమలకు కూడా గుంపులు కట్టాలి. ఇక్కడే రాస్, ఆయన తర్వాత 1950ల్లో జార్జ్ మెక్‌డొనాల్డ్ చేసిన పని అక్కరకొస్తుంది. డెంగీ ఉన్న మనిషిని కుట్టిన దోమ వెంటనే ఇంకొకరికి అంటించలేదు. వైరస్ దాని ఒంట్లో పెరిగి లాలాజల గ్రంథుల దాకా చేరడానికి మన వాతావరణంలో 8 నుంచి 12 రోజులు పడుతుంది. అన్నాళ్లు ఆ దోమ బతికి ఉంటేనే ప్రమాదం. రోజుకు వంద దోమల్లో 90 బతుకుతాయనుకోండి, పది రోజుల తర్వాత మిగిలేవి సుమారు 35. రోజుకు 80 బతికితే పది రోజుల తర్వాత మిగిలేవి 11. రోజువారీ బతికే అవకాశంలో చిన్న తేడా వస్తే, జబ్బు అంటించే వయసుకు చేరే దోమలు మూడో వంతుకు పడిపోతాయి. కాటు లెక్క కూడా ఇలాంటిదే. దోమ ఒకసారి కుట్టి వైరస్ తెచ్చుకోవాలి, ఇంకోసారి కుట్టి అంటించాలి. అందుకే కాట్లు సగమైతే జబ్బు వ్యాప్తి సగం కాదు, పావు వంతవుతుంది. పగటిపూట నిండుగా బట్టలు వేసుకోండి, పిల్లలు మధ్యాహ్నం పడుకున్నా దోమతెర కట్టండి అని చెప్పే మామూలు మాట వెనక ఇంత బలమైన లెక్క ఉందని తెలిసినప్పుడు కలిగిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

కాగితం మీద ఇదంతా ఒక వానాకాలంలోనే పూర్తయింది. కంప్యూటర్‌లో పైథాన్ ప్రోగ్రాం కూడా రాసేశాను. గీతలు చక్కగా లేచి చక్కగా దిగేవి. గైడ్ సార్ చూసి, “బాగుంది, ఇది ఏ ఊరిది?” అన్నారు. ఏ ఊరిదీ కాదు. అక్కడి నుంచే అసలు పని మొదలైంది.

కేసుల లెక్క కావాలంటే ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. పేర్లు, ఫోన్ నంబర్లు, ఇంటి చిరునామాలు నాకు అక్కర్లేదు, వారంవారీగా ఏ ఆరోగ్య కేంద్రం పరిధిలో ఎన్ని కేసులో చాలు అని దరఖాస్తులో స్పష్టంగా రాశాను. ఆ అనుమతి వచ్చాక కూడా ఒక కార్యాలయంలో నా కాగితం ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కు వెళ్లడానికే నెలలు పట్టింది. ఆ టెన్షన్‌లో పీహెచ్‌డీ గడువు గుర్తొచ్చి చాలాసార్లు ఏడుపొచ్చింది. ఈ రంగంలోకి వచ్చే పిల్లలకు చెప్పేదొకటే. దరఖాస్తు మొదటి సంవత్సరంలోనే పెట్టండి, సమీకరణాలు ఆ తర్వాత రాసుకోవచ్చు.

లెక్కలు చేతికొచ్చాక అవి ఎలా పుడతాయో తెలుసుకోవాల్సి వచ్చింది. దేశమంతటా జబ్బుల మీద నిఘాకు 2004లో ఐడీఎస్‌పీ అనే కార్యక్రమం మొదలైంది. ఊళ్లో ఏఎన్ఎమ్ (ఆరోగ్య కార్యకర్త) అనుమానపు కేసులు రాసేది ఎస్ ఫారం, డాక్టర్ లక్షణాలు చూసి రాసేది పీ ఫారం, ల్యాబ్ ఖాయం చేసింది ఎల్ ఫారం. ఇప్పుడివన్నీ ఆన్‌లైన్‌లో ఎక్కుతున్నాయి. డెంగీ అని లెక్కలోకి రావాలంటే ల్యాబ్‌లో చేసే ఎలైజా అనే రక్త పరీక్షలో తేలాలి. జ్వరం మొదలైన మొదటి ఐదు రోజుల్లో అయితే వైరస్ ప్రొటీన్ కోసం చూసే ఎన్ఎస్1, ఆ తర్వాత ఒంట్లో తయారైన యాంటీబాడీల కోసం చూసే ఐజీఎమ్. కార్డు మీద రెండు గీతలు చూపించే ర్యాపిడ్ పరీక్ష అధికారిక లెక్కకు చాలదు. ‘మా వాడకట్టులోనే పది మందికి డెంగీ, పేపర్‌లో చూస్తే మండలం మొత్తానికి ముగ్గురంటున్నారు’ అని జనం కోప్పడటం వెనక ఉన్న తేడాల్లో ఇదొకటి. ఎవరూ అబద్ధం చెప్పకపోయినా రెండు లెక్కలూ వేరుగా రావచ్చు.

మన దగ్గర జ్వరమొస్తే చాలామంది మొదట పోయేది ఆర్‌ఎంపీ డాక్టర్ దగ్గరికే. రెండు మూడు రోజులు మాత్రలు, సూదులు. తగ్గకపోతే ప్రైవేటు ఆసుపత్రి, లేదా వరంగల్‌లోని ప్రభుత్వ ఆసుపత్రి ఎంజీఎం. తగ్గిపోతే ఆ మనిషి ఏ రిజిస్టర్‌లోనూ ఉండడు. అసలు జ్వరమే రానివాళ్ల సంగతి సరేసరి. 2013లో వచ్చిన ఒక ప్రపంచస్థాయి అంచనా ప్రకారం ఏటా 39 కోట్ల డెంగీ ఇన్ఫెక్షన్లలో లక్షణాలు కనిపించేవి 9.6 కోట్లే. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017–18లో చేయించిన రక్త పరీక్షల సర్వేలో, 5 నుంచి 45 ఏళ్ల వయసువాళ్లలో దేశం మొత్తమ్మీద దాదాపు సగం మందికి, దక్షిణాదిలో అయితే నాలుగింట మూడొంతుల మందికి అప్పటికే ఎప్పుడో ఒకసారి డెంగీ సోకినట్టు తేలింది. వాళ్లలో ఎంతమందికి ఆ సంగతి తెలిసి ఉంటుంది?

అందుకే నా మోడల్‌లో జబ్బు ఒక భాగమైతే, జబ్బు రిజిస్టర్‌లోకి ఎక్కే దారి ఇంకో భాగం. రెండోదే పెద్దది, కష్టమైనది. జ్వరం మొదలవడానికీ పరీక్షకూ మధ్య ఆలస్యం, పరీక్షకూ ఆన్‌లైన్ ఎంట్రీకీ మధ్య ఆలస్యం, వంద మందిలో ఎంతమంది పరీక్ష దాకా వస్తారనే నిష్పత్తి, ఇవన్నీ లెక్కలోకి రావాలి. బతుకమ్మ, దసరా వారాల్లో కేసులు ఒక్కసారిగా కిందికి పడతాయి, పండుగ అయ్యాక ఒక్కసారిగా లేస్తాయి. ఆ వారాల్లో దోమలేమీ కుట్టడం మానేయవు. ల్యాబ్ సిబ్బంది సెలవులో ఉంటారు, ఆడపిల్లలు పుట్టింటికి వస్తారు, పట్నంలో ఉండేవాళ్లు ఊళ్లకు పోతారు, ఒళ్లు వెచ్చబడ్డా పండుగ పూట ఆసుపత్రికి ఎవరు పోతారు. డెంగీ ఉధృతి కూడా సరిగ్గా సెప్టెంబరు, అక్టోబరుల్లోనే కాబట్టి ఈ పల్లం గ్రాఫ్ నడిమధ్యలో వచ్చి పడుతుంది. తెలియని మనిషి చూస్తే జబ్బు తగ్గిపోయి మళ్లీ వచ్చిందనుకుంటారు. ఏ ఏడాది దసరా ఏ వారంలో వచ్చిందో క్యాలెండర్ చూసి మోడల్‌కు చెప్పాల్సి వచ్చింది. వేరే దేశాల పరిశోధన పత్రాల్లో క్రిస్మస్ గురించి ఇలాంటి సవరణలు ఉంటాయి. బతుకమ్మకు మనమే రాసుకోవాలి.

జిల్లాల గొడవ ఇంకొకటి. 2016 అక్టోబరులో పాత వరంగల్ జిల్లా విడిపోయి వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జయశంకర్, జనగామ, మహబూబాబాద్ అయ్యాయి. కరీంనగర్ నుంచి కమలాపూర్, ఎల్కతుర్తి, భీమదేవరపల్లి మండలాలు అర్బన్‌లోకి వచ్చాయి. 2019లో ములుగు వేరే జిల్లా అయింది. 2021లో అర్బన్ కాస్తా హనుమకొండ అయింది, రూరల్ కాస్తా వరంగల్ అయింది, కొన్ని మండలాలు మళ్లీ అటూ ఇటూ మారాయి. ‘వరంగల్ జిల్లా డెంగీ కేసులు’ అని పదేళ్ల గ్రాఫ్ గీస్తే ఆ గీత ఒకే నేల గురించి చెప్పదు. ఎక్కడ పడిపోయిందో అక్కడ జబ్బు తగ్గిందా, మండలాలు పోయాయా అని ప్రతిచోటా చూడాలి. అందుకే జిల్లాను వదిలేసి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని యూనిట్‌గా తీసుకున్నాను. అవి కూడా కొన్ని మారాయి గానీ అంతగా కాదు. ఈ ఒక్క పనికి పట్టిన శ్రమ థీసిస్‌లో ఒక పేరాలో ముగిసిపోతుంది. నా దృష్టిలో మిగతా అధ్యాయాలన్నీ ఆ పేరా మీదే నిలబడ్డాయి.

తర్వాత వీధుల్లోకి వెళ్లాను. శుక్రవారం డ్రై డే, అంటే నీళ్ల పాత్రలు ఒంపి ఆరబెట్టే రోజు, ఆశా అక్కలతో కలిసి ఇల్లిల్లూ తిరిగి నీళ్ల పాత్రలు చూడటం. నూరు ఇళ్లలో ఎన్నింట్లో లార్వా (నీళ్లలో తిరిగే దోమ పిల్ల) ఉందో చెప్పేది హౌస్ ఇండెక్స్, నూరు ఇళ్లకు లార్వా ఉన్న పాత్రలెన్నో చెప్పేది బ్రెటో ఇండెక్స్. పుస్తకంలో రెండు వాక్యాలు. వీధిలో మాత్రం గోలెం, డ్రమ్ము, సంపు, కూలర్, ఇంటి వెనక పాత టైరు, మిద్దె మీద పగిలిన బకెట్, కొబ్బరి చిప్పలు, వాడని రోలు, ఫ్రిజ్ వెనక ట్రే. టార్చిలైటు వేసి చూస్తే గోలెంలో నీళ్లు తేటగానే ఉంటాయి, వెలుగు పడగానే లార్వా గిలగిలా అడుగుకు పోతుంది. డెంగీ దోమకు మురుగు కాలువ అక్కర్లేదు, ఇలాంటి మంచి నీళ్లే కావాలి. ఆ సంగతి చాలా ఇళ్లలో ఎవరూ నమ్మరు. ‘మా ఇంట్ల మోరీ లేదు, దోమలెక్కడియి’ అంటారు.

ఒక పెద్దావిడ ఇంట్లో గోలెం ఒంపి తోమమని ఆశా అక్క చెబితే ఆమె నా వైపు తిరిగి, “బిడ్డా, నల్లా ఎప్పుడొస్తదో తెల్వదు. ఇది ఒంపితే రేపు బోళ్లు ఏంతోని తోముకోవాలె?” అంది. ఆమె మాటకు నా దగ్గర జవాబు లేదు, ఆశా అక్క దగ్గర ఉంది. ఒంపొద్దు అత్తమ్మా, ఇంకో డ్రమ్ములోకి గుడ్డతో వడగట్టి పోసుకో, గోలెం లోపలి గోడలు పీచుతో గట్టిగా రుద్దు, ఆరబెట్టి మళ్లీ పోసుకో, పైన బట్ట కట్టు అని చెప్పింది. గోడలు రుద్దమనడం ఎందుకంటే ఈ దోమ గుడ్లు నీళ్లలో పెట్టదు, నీటి అంచుకు కాస్త పైన గోడకు అంటిస్తుంది. ఎండిపోయినా అవి నెలల తరబడి చావవు, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం నుంచి పది రోజులు. డ్రై డే వారానికోసారి పెట్టడానికి ఆధారం ఇదే.

ఆ పెద్దావిడ మాట నా మోడల్‌ను మార్చింది. చాలా డెంగీ మోడళ్లలో దోమల పుట్టుకను వానతో ముడిపెడతారు. వాన పడితే నీళ్లు నిలుస్తాయి, దోమలు పెరుగుతాయి అని. ఇక్కడ మాత్రం వాన లేకపోయినా మనుషులు నింపి పెట్టుకునే నీళ్లు ఉన్నాయి. నల్లా రోజూ రాని చోట ఆ పాత్రలు ఇంకా ఎక్కువ. అందుకే పాత్రలను రెండు రకాలుగా విడదీశాను: వాన నింపేవి, మనిషి నింపేవి. మొదటి రకం జూన్ తర్వాతే లెక్కలోకి వస్తుంది. రెండో రకం ఏడాదంతా ఉంటుంది. వేసవిలో మనల్ని కాపాడేది ఎండే. ఈ దోమతో డెంగీ వ్యాప్తికి అన్నిటికన్నా అనుకూలమైన వేడి సుమారు 29 డిగ్రీలని అంచనా. మన మే నెలలో 40 దాటితే దోమలు త్వరగా చస్తాయి. కానీ కూలర్ కింద, గోలెం గోడ మీద గుడ్లు ఎదురుచూస్తూనే ఉంటాయి. తొలకరి పడి వేడి దిగగానే రెండు రకాల పాత్రలూ ఒకేసారి పనిచేయడం మొదలవుతుంది.

మేడారం జాతర గురించి మోడల్ చేయలేదా అని చాలామంది అడుగుతారు. జాతర వచ్చేది జనవరి చివరో ఫిబ్రవరిలోనో. అది డెంగీ కాలం కాదు. అంత జనం ఒకచోట చేరినప్పుడు చూడాల్సింది నీళ్లతో వచ్చే జబ్బులు, అది వేరే మోడల్, వేరే లెక్క. ఎప్పటికైనా ఎవరైనా మన పిల్లలే చేయాలని నా కోరిక. ఏటూరునాగారం, తాడ్వాయి వైపు అడవిలోని గూడేల్లో మలేరియా సంగతి కూడా అంతే. అక్కడ దోమ వేరు, కుట్టే వేళ వేరు, ఆసుపత్రికి దారి వేరు. పట్నపు డెంగీ మోడల్‌లో నాలుగు అంకెలు మార్చి అక్కడ వాడితే ఆ మనుషులకు అన్యాయం చేసినట్టే.

మోడల్‌ను నిజం లెక్కలతో సరిపోల్చే దగ్గర నాకు ఎదురైన పెద్ద చిక్కు ఇది. ఒక వారంలో 40 కేసులు నమోదయ్యాయనుకుందాం. నిజంగా 400 మందికి సోకి పదిలో ఒకరు రిజిస్టర్‌లోకి వచ్చి ఉండవచ్చు. లేదా 4,000 మందికి సోకి నూటికి ఒకరు వచ్చి ఉండవచ్చు. గ్రాఫ్ రెండు సందర్భాల్లోనూ దాదాపు ఒకేలా కనిపిస్తుంది. కేసుల లెక్క ఒక్కటే పెట్టుకుని ఈ రెంటిలో ఏది నిజమో తేల్చడం గణితం వల్ల కాదు. రక్త పరీక్షల సర్వే లాంటి ఇంకో ఆధారం కావాలి. అది లేని చోట ఒకే గీత గీసి ఇదే నిజమని చూపించడం తప్పని నేను గట్టిగా నమ్ముతాను. అందుకే నా గ్రాఫుల్లో ఎప్పుడూ ఒక గీత ఉండదు, గీతల గుంపు ఉంటుంది. ఏ గీత ఏ ఊహ మీద ఆధారపడిందో పక్కనే రాస్తాను.

కరోనా కాలంలో మోడళ్ల మీద జనానికి నమ్మకం పోవడానికి ఇదీ ఒక కారణం. 2020 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం వేసిన నిపుణుల కమిటీ ఉధృతి దాటిపోయిందని, జాగ్రత్తలు పాటిస్తే 2021 ఫిబ్రవరికి వ్యాధి అదుపులోకి వస్తుందని చెప్పింది. ఏప్రిల్‌లో రెండో అల వచ్చింది, ఎన్ని ఇళ్లు ఖాళీ అయ్యాయో మనందరికీ తెలుసు. ఆనాటి లెక్కలో డెల్టా రకం లేదు, ఉండే వీలూ లేదు. జాగ్రత్తలు పాటిస్తే అనే షరతు టీవీల్లో వినపడకుండా పోయింది, తేదీ ఒక్కటే మిగిలింది. షరతు తీసేస్తే మోడల్ జోస్యమైపోతుంది.

నా ఫలితాలు మొదటిసారి జిల్లా ఆరోగ్య శాఖ వాళ్ల ముందు పెట్టినప్పుడు మలేరియా అధికారి అడిగిన మొదటి ప్రశ్న కూడా అదే. “మేడమ్, ఈ ఏడు ఎన్ని కేసులొస్తయి?” ఆ అంకె నేను చెప్పలేను సార్, మీరు ఏం చేస్తే ఏమవుతుందో పోల్చి చెప్పగలను అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి కుర్చీ ముందుకు జరుపుకున్నారు. “సరే, ఫాగింగ్ సంగతి చెప్పండి.”

అక్కడ చెప్పింది ఇక్కడా చెప్తాను. రిజిస్టర్‌లో ఇవాళ కనిపించే డెంగీ కేసుకు వెనక ఎంత కాలం ఉందో లెక్కేయండి. ఒక రోగిని కుట్టిన దోమలో వైరస్ ముదరడానికి పది రోజులు. అది కుట్టాక మనిషికి జ్వరం రావడానికి 4 నుంచి 10 రోజులు. ఆర్‌ఎంపీ దగ్గర రెండు మూడు రోజులు, పరీక్ష, ఫలితం, ఎంట్రీ. అంటే సెప్టెంబరు మొదటి వారంలో లెక్కకొచ్చిన కేసు ఆగస్టు మొదటి పక్షంలో దోమకు సోకిన వైరస్ ఫలితం. కేసులు చూసి ఫాగింగ్ మెషిన్ బయటికి తీస్తే మనం మూడు నాలుగు వారాల కిందటి దోమ వెంట పడుతున్నట్టు. పైగా ఆ పొగ ఎగిరే దోమలకే. ఈ దోమ ఇంట్లో మంచం కింద, వేలాడే బట్టల వెనక కూర్చుంటుంది. గోలెంలోని లార్వాకు పొగ తగలదు. మోడల్‌లో ఒక సాయంత్రం ఫాగింగ్ చేస్తే దోమల సంఖ్య దభాలున పడి, వారం పది రోజుల్లో మళ్లీ మొదటికొస్తుంది. అదే పాత్రల శుభ్రత జూన్‌లో, కేసులేవీ లేనప్పుడే మొదలైతే, ఉధృతి ఆలస్యమవుతుంది, ఎత్తు తగ్గుతుంది. సెప్టెంబరులో మొదలైతే ఫలితం చాలా తక్కువ. నా గీతల గుంపులో దాదాపు అన్ని గీతలూ ఈ ఒక్క విషయంలో ఒకే మాట చెప్పాయి. కేసులు ఎన్నో తేల్చలేని మోడల్, ఏ నెలలో పని మొదలెట్టాలో మాత్రం గట్టిగా చెప్పగలిగింది.

ఫాగింగ్ మానేయమని నేను అనలేదు. వీధిలో చావు జరిగినప్పుడు పొగ వేయకపోతే జనం ఊరుకోరు, ఆ బాధను ఏ లెక్కా కొట్టేయలేదు. నేను అడిగింది ఒకటే. మనిషి నింపే పాత్రలు ఎక్కువగా ఉన్న వార్డులు ఏవో ముందే తెలిస్తే జూన్‌లో ఉన్న కొద్దిమంది సిబ్బందిని మొదట అక్కడికి పంపవచ్చు. ఇప్పటి సర్వే కాగితంలో ‘లార్వా ఉందా, లేదా’ అని మాత్రమే ఉంది. పాత్ర ఏ రకమో ఉండదు.

దాని మీద పెద్ద చర్చే జరిగింది. ఆశా అక్కల మీద ఇప్పటికే రాతపని ఎక్కువగా ఉందని ఒకరన్నారు, అది నిజం. చివరికి కొన్ని వార్డుల్లో మాత్రం, పాత కాగితంలోనే ఒక గడి చేర్చారు. వాన నీళ్లయితే ‘వా’, నింపినవైతే ‘నిం’. ఒక్క అక్షరం రాస్తే చాలు. ఆశా అక్కలే ఆ గుర్తులు ఎంచుకున్నారు. వారానికోసారి ఆ కాగితాల ఫొటోలు నా ఫోన్‌కు వస్తున్నాయి. ఇప్పుడు వాటిని నల్లా వచ్చే వేళలతో కలిపి మోడల్‌లోకి ఎక్కిస్తున్నాను. కేసుల్లో వయసుల వివరాలు కూడా ఇవ్వమని ఇంకో దరఖాస్తు పెట్టాను. డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. రెండోసారి వేరే రకం సోకినప్పుడు ప్రమాదం పెరుగుతుంది కాబట్టి, ఏ వయసు పిల్లలకు మొదటిసారి వస్తోందో తెలిస్తే తర్వాతి అధ్యాయం మొదలుపెట్టవచ్చు.